తలుపు తీసిన మనిషి



తెలుగు మాస్టారి పేరున జరిగే ఉపన్యాసం కదా, ఛందస్సు గురించో ప్రబంధాల గురించో మాట్లాడతానని కొందరు అనుకొని వచ్చి ఉంటారు. బడిలో ఆయన చెప్పిన పాఠాలు అవే. సెలవుల్లో ఆయన పెట్టుకున్న పని వేరు. దంపుళ్ళ దగ్గర, ఉయ్యాల దగ్గర, మధ్యాహ్నప్పూట వసారాల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటలు పాడించుకొని నోటుపుస్తకాల్లోకి ఎక్కించేవారు. ఆ పాటల్లో రెంటిని పట్టుకొని ఇవాళ యుద్ధం నుంచి ఇంటికొచ్చిన సిపాయి గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నిజానికి సిపాయి గురించి కంటే, అతనొచ్చినప్పుడు లోపలి నుంచి తలుపు తీసిన మనిషి గురించి.

రామాయణం చెప్పే పౌరాణికులు పట్టాభిషేకం దగ్గర హారతిచ్చి పుస్తకం మూసేస్తారు. ఆడవాళ్ళ పాటలు కొన్ని అక్కడే మొదలవుతాయి. యుద్ధం అయిపోయింది, రావణుడు చచ్చాడు, అయోధ్యలో తోరణాలు కట్టారు. బాగానే ఉంది. అడవిలో పద్నాలుగేళ్ళు రెప్ప వాల్చకుండా కాపలా కాసిన లక్ష్మణుడి సంగతేమిటి? అతనికి రావలసిన నిద్ర ఎటుపోయింది? అతని భార్య ఊర్మిళకు పోయింది అంటుంది పాట. అతని వంతు నిద్ర కూడా అంతఃపురంలో ఆమే పోయింది. ఒకడు వీరుడై మేలుకొని ఉన్నాడంటే ఇంట్లో ఇంకొకరి ఆయుష్షు ఖర్చవుతోందన్న లెక్క ఆ పాట కట్టినవాళ్ళకు తెలుసు. కావ్యాలు రాసిన మగవాళ్ళలో చాలామందికి ఆ లెక్క తట్టినట్టు లేదు.

‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో లక్ష్మణుడు తనంతట తాను భార్య దగ్గరికి పోడు. కొలువులో అన్నగారి దగ్గరే నిలబడి ఉంటాడు. చెల్లెలు ఇంకా నిద్రలోనే ఉందని, మరిదిని పంపమని సీత రాముడికి గుర్తుచేయాలి. పైవాడి ఉత్తర్వు లేందే కదలని అలవాటు ఒంటికి పట్టిన మగవాళ్ళను మనం మన వీధుల్లోనే చూశాం. సరే, వెళతాడు. మంచం దగ్గర చేరి పిలుస్తాడు. ఆమె గడగడ వణికిపోతుంది. గుర్తుపట్టదు. ఎవరూ లేనిచోటికి వచ్చిన ఈ పరాయివాడెవడని హడలిపోతుంది. తండ్రికి తెలిస్తే దండిస్తాడంటుంది. పరస్త్రీని కోరి ఇంద్రుడేమయ్యాడో, రావణుడేమయ్యాడో చెప్పి బెదిరిస్తుంది. రావణుడితో యుద్ధం చేసి వచ్చినవాణ్ణి రావణుడి పేరు చెప్పి బెదిరించడం! ఎంత తెగువ ఉంటే ఆ మాట పాటలో పెడతారు? ఆ చీకట్లో ఆమెకు లక్ష్మణుడూ రావణుడూ వేరుగా కనబడరు. ఇద్దరూ ఆయుధం పట్టిన మగవాళ్ళే. అతను తన వంశం చెప్పుకుంటాడు, ఎవరి తమ్ముడో ఎవరి అల్లుడో చెప్పుకుంటాడు, చివరికి నమ్మకపోతే తాను బతకనంటాడు. అప్పుడు గానీ ఆమె కళ్ళు తెరవదు. ఆ తర్వాత స్నానాలు, భోజనాలు, వేడుకలు.

దీన్ని పాతివ్రత్యం చెప్పే పాటగా వినడం మనకు అలవాటు. అలా వింటే తప్పులేదు. నాకు మాత్రం ముందు ఆమె భయం వినిపిస్తుంది.

రెండోది ‘లక్ష్మణదేవర నవ్వు’. పద్నాలుగేళ్ళ గడువు తీరిందని నిద్రాదేవి నిండు కొలువులో లక్ష్మణుణ్ణి ఆవహించబోతుంది. అతనికి నవ్వొస్తుంది. కారణం ఎవరికీ తెలియదు. కొలువులో ఉన్న ప్రతివారూ తమలో దాచుకున్న లోపం చూసే నవ్వాడనుకొని తలలు దించుకుంటారు. రాముడు కత్తి దూసేదాకా వెళుతుంది సంగతి. యుద్ధం నుంచి వచ్చినవాడు వేళగానివేళ నవ్వితే, ఏడిస్తే, మాట్లాడకుండా కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళకు ముళ్ళమీద ఉన్నట్టుంటుంది. అతను మనల్నే ఏదో అంటున్నాడనిపిస్తుంది. చాలాసార్లు అతను తన నిద్ర సంగతి తాను చూసుకుంటూ ఉంటాడు.

పాట కట్టిన అమ్మలు మానసిక వైద్యం చెప్పారని నేననడం లేదు. పాత సాహిత్యంలోంచి కొత్త శాస్త్రాలు తవ్వితీసే సరదా నాకు లేదు. నేననేది చిన్నమాట. యుద్ధం నుంచి వచ్చిన మగవాడి వల్ల ఇంట్లో ఏం జరుగుతుందన్న ప్రశ్న వాళ్ళు వేశారు. ఆధునిక వైద్యం ఆ ప్రశ్న దగ్గరికి చేరడానికి ఇరవయ్యో శతాబ్దంలో ముప్పావు భాగం పట్టింది. ఆ ప్రయాణం కాస్త వివరంగా చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ముగ్గురు సిపాయిల గురించి రాశాడు. ఫ్రాన్సులో గుండ్లు పేలినచోట నుంచి వచ్చిన వాళ్ళు. జ్ఞాపకం, చూపు, వాసన, రుచి దెబ్బతిన్నాయి. ఒంటిమీద చెప్పుకోదగ్గ గాయం లేదు. ‘షెల్ షాక్’ అన్న మాట అచ్చులో స్థిరపడింది ఆ వ్యాసంతోనే. గుండు పేలిన అదురుకు మెదడులో నరాలు కదిలాయేమోనని మొదట అనుకున్నారు. తీరా చూస్తే గుండు దరిదాపుల్లో లేనివాళ్ళకూ అదే వణుకు, అదే మూగతనం. అది మనసుకు తగిలిన దెబ్బ అని ఒప్పుకుంటే సైన్యానికి ఇబ్బంది: దెబ్బ తిన్నవాడికీ పిరికివాడికీ తేడా ఎలా చెప్పడం? 1917 నాటికి బ్రిటిష్ సైన్యం ఆ మాట వాడొద్దని ఆజ్ఞ వేసింది. ‘ఇంకా నిర్ధారణ కాని నరాల బాధ’ అని రాసుకోమంది. మాట తీసేస్తే జబ్బు పోతుందనుకునే ఆఫీసర్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు. పారిపోయారనీ, పిరికితనం చూపారనీ ఆ యుద్ధంలో కాల్చి చంపిన బ్రిటిష్, కామన్వెల్త్ సిపాయిల్లో 306 మందికి 2006లో చట్టం చేసి క్షమాభిక్ష ఇచ్చారు. తొంభై ఏళ్ళు ఆ ఇళ్ళల్లో ఆ పేరు ఎలా పలికారో ఊహించుకోండి.

ఈ కథలో మంచి డాక్టరుగా అందరూ చెప్పుకునేది డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్‌ని. ఆయనకు మన దక్షిణాదితో చుట్టరికం ఉంది. 1901–02లో నీలగిరుల్లో తోడా తెగవాళ్ళ మధ్య ఉండి, వాళ్ళ బంధుత్వాలు, పాడి, పూజలు అన్నీ అడిగి రాసుకొని 1906లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఎదుటివాడు చెప్పేది ఓపిగ్గా వినే విద్య ఆయనకు ఆ కొండల మీద బాగా అబ్బిందని నా నమ్మకం. రుజువు చూపమంటే చూపలేను. యుద్ధంలో ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో ఆఫీసర్లకు వైద్యం చేశాడు. చూసినదాన్ని మరిచిపొమ్మని చెప్పడమే వాళ్ళను చంపుతోందని గ్రహించాడు. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, పాత డాక్టర్లు అందరూ అదే సలహా ఇచ్చేవాళ్ళు: ఆ సంగతులు తలుచుకోకు, మంచి విషయాలు ఆలోచించు. పగలు తొక్కిపెట్టినది రాత్రి కలలో లేచి కూర్చునేది. రివర్స్ వాళ్ళచేత మాట్లాడించాడు.

ఆఫీసరు కాని మామూలు సిపాయికి ఈ భాగ్యం దొరకడం అరుదు. లండన్‌లోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో లూయిస్ యెలాండ్ అనే డాక్టరు మాట పడిపోయిన కుర్రవాణ్ణి చీకటి గదిలో కుర్చీకి కట్టి, గొంతుకు కరెంటు పెట్టి, మాట వచ్చేదాకా గంటల తరబడి వదలలేదు. దాన్ని విజయంగా 1918లో తన పుస్తకంలో తానే రాసుకున్నాడు. దొరబాబుకు సంభాషణ, కూలివాడి కొడుక్కి కరెంటు. జబ్బు ఒకటే అయినా వైద్యానికి కులం ఉంది.

యెలాండ్‌ని తిట్టుకోవడం తేలిక. రివర్స్ దగ్గరే అసలు చిక్కుంది. ఆ దయగల డాక్టరు రోగిని బాగుచేసింది ఎందుకు? మళ్ళీ కందకంలోకి పంపడానికి. యుద్ధాన్ని కావాలనే సాగదీస్తున్నారని బహిరంగంగా ప్రకటించి ఆ ఆసుపత్రికి చేరిన కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్, రివర్స్ చేతిలో కోలుకొని తిరిగి యుద్ధానికి పోయి తలకు గుండు దెబ్బ తిని వచ్చాడు. అదే ఆసుపత్రిలో అతనికి స్నేహితుడైన విల్‌ఫ్రెడ్ ఓవెన్ తిరిగివెళ్ళి 1918 నవంబరు 4న చచ్చిపోయాడు. అప్పటికి యుద్ధం ముగియడానికి వారం రోజులే ఉంది. సైనిక వైద్యుడు కేసుకాగితం మీద రాసే ప్రశ్న ఒకటే: తిరిగి పంపడానికి పనికొస్తాడా? తిరిగి ఇంట్లో బతకడానికి పనికొస్తాడా అని అడగడం అతని ఉద్యోగంలో లేదు. రివర్స్‌కి ఈ బాధ తెలుసు. తెలిసీ పంపాడు.

దీన్ని చాలా ముందే పట్టుకున్నది పాతికేళ్ళు నిండీ నిండని ఒక అమ్మాయి. రెబెకా వెస్ట్ 1918లో, యుద్ధం ఇంకా సాగుతుండగానే, ‘ది రిటర్న్ ఆఫ్ ది సోల్జర్’ అనే చిన్న నవల వేసింది. క్రిస్ అనే కెప్టెను ఇంటికొస్తాడు. గాయం లేదు. గడిచిన పదిహేనేళ్ళు మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. అందమైన భార్య కిట్టీ ఎవరో అతనికి తెలియదు. చచ్చిపోయిన పసిబిడ్డా గుర్తులేడు. కుర్రతనంలో ప్రేమించిన మార్గరెట్ మాత్రమే గుర్తుంది. ఆమె ఇప్పుడు వేరొకరి భార్య, బీద ఇల్లాలు, చెయ్యి కాయలు కాచిన మనిషి. అతన్ని ‘బాగు’ చేయాలని కిట్టీ పట్టుబడుతుంది. ఎలా చేయాలో తెలిసింది మార్గరెట్‌కు. చచ్చిన బిడ్డ వస్తువులు తీసుకెళ్ళి చూపించాలి. చూపిస్తుంది. అతనికి అన్నీ గుర్తొస్తాయి. బాగయ్యాడు కాబట్టి మళ్ళీ ఫ్రాన్సుకు పోవాలి. ఊర్మిళ పాటలో భార్య భర్తను గుర్తుపట్టలేదు, ఇక్కడ భర్త భార్యను గుర్తుపట్టలేదు. రెండింటిలోనూ ఆ మనిషిని ఇంట్లోవాళ్ళకు అప్పజెప్పింది ఒక ఆడమనిషే. తేడా ఏమిటంటే, మన పాటలో యుద్ధం నిజంగా ముగిసింది.

ఏడేళ్ళ తర్వాత వర్జీనియా వుల్ఫ్ ‘మిసెస్ డాలొవే’ నవలలో యుద్ధం నుంచి మనసు చెదిరి వచ్చిన సెప్టిమస్ పాత్రను రాసింది. అందరూ సెప్టిమస్ గురించే రాస్తారు. నా మనసు అతని భార్య లుక్రేజియా మీద ఉంటుంది. ఇటలీ పిల్ల, టోపీలు కుట్టే చెయ్యి, లండన్‌లో నా అన్నవాళ్ళు లేరు. పార్కులో భర్త తనలో తాను మాట్లాడుకుంటుంటే ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూస్తుంది. ఆ చూపు తెలిసిన ఆడవాళ్ళు ఈ హాల్లో కూడా ఉండి ఉంటారు.

ఇక మన సిపాయిలు. ఆ యుద్ధానికి పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటారు. వాళ్ళలో 74 వేల మంది దాకా తిరిగి రాలేదు. 1914 శరదృతువులో మార్సేయి రేవులో దిగినవాళ్ళు పరాయి చలిలో, పరాయి కందకాల్లో నిలబడ్డారు. గాయపడితే ఇంగ్లండులోని బ్రైటన్‌లో రాజభవనాన్నే ఆసుపత్రి చేసి పడుకోబెట్టారు. ఫొటోలు తీసి ఊరూరా చూపించారు. ఆ ఫొటోల్లో లేని సంగతి ఇంకొకటుంది. అరచేతి గాయాలతో వచ్చినవాళ్ళు తమను తామే కాల్చుకున్నారేమోనని అధికారులకు అనుమానం. బ్రైటన్‌లోనే కిచెనర్ ఆసుపత్రి అధిపతి బ్రూస్ సీటన్ వెయ్యి గాయాలు పరిశీలించి ఆ అనుమానానికి ఆధారం లేదని తేల్చాడు. అయినా కోలుకున్నవాణ్ణి మళ్ళీ యుద్ధానికే పంపేవాళ్ళు. ఒకసారి గాయపడితే ఇంటికి పంపిస్తారనుకున్న మనవాళ్ళకు అది మింగుడు పడలేదు. ఇంటికి రాసే ఉత్తరాలు సెన్సారువాళ్ళు చదువుతారని తెలుసు కనుక గుప్తభాష వాడారు. నల్లమిరియాలంటే మనవాళ్ళు, ఎర్రవంటే తెల్లవాళ్ళు. ఇంటికి ఉత్తరంలో కూడా నిజం రాయలేనివాడు, ఇంటికొచ్చాక ఏ మాటతో మొదలుపెట్టగలడు?

ఆ రాకను ముల్క్‌రాజ్ ఆనంద్ పట్టించుకున్నాడు. ఆయన నవల ‘అక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ని చాలామంది చదివారు. దాని తర్వాతి భాగం, 1942 నాటి ‘ది స్వార్డ్ అండ్ ది సికిల్’, అంతగా చదవలేదు. జర్మన్ల చెరలో ఉండి వచ్చిన కథానాయకుడు లాలూకి ఇల్లు ఇల్లులా దొరకదు. కాళ్ళ కింద నేల లేదు.

తెలుగు నేల మీద మిలిటరీ మాధవరం అందరికీ తెలిసిన పేరే. తాడేపల్లిగూడెం దగ్గర. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపి ఊరి పేరే మార్చుకున్న ఊరు. ఊరి పేరు సంగతి అలా ఉంచండి, మనుషుల పేర్లే చూడండి. మన పల్లెల్లో సైన్యంలో చేసొచ్చినవాడు జీవితాంతం ‘మిలిటరీ ఫలానా’యే. 2022కు ముందు చేరినవాడైతే పదిహేను, పదిహేడేళ్ళు సర్వీసు చేసి, నలభై నిండకుండానే పెన్షన్ మీద వచ్చేస్తాడు. తర్వాత బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో కూర్చుంటాడు. అతనికి కోపం వస్తే ‘మిలిటరీ కోపం’ అని నవ్వి ఊరుకుంటాం. ఆ కోపం ఎవరి వీపు మీద పడిందో అడగం. ఊర్మిళ వణుకును గురించి ఇందాక అంతసేపు చెప్పింది అందుకే. దేశం కోసం నిలబడ్డవాడన్న గౌరవం అతనికి ఇవ్వాలి. ఆ గౌరవమే ఆమె నోటికి తాళం కాకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సంగతి ఒక అంకెతో దాటేస్తాను. 1947లో ఇంగ్లండు, వేల్సులలో 60 వేలకు పైగా విడాకులయ్యాయి. యుద్ధానికి ముందు ఏటా వేలల్లోనే, పది వేల లోపే ఉండేవి. మధ్యలో చట్టం సడలిన మాట నిజమే గానీ, చట్టం ఒక్కటే అన్ని ఇళ్ళ తలుపులు తట్టదు.

వియత్నాం యుద్ధం వచ్చేసరికి ఇంటికి రావడమే మారిపోయింది. వెనకటి సిపాయిలు ఓడల్లో వారాల తరబడి కలిసొచ్చారు. తాగి, పోట్లాడుకొని, ఏడ్చి, చచ్చిన స్నేహితుల్ని తలుచుకుంటూ వచ్చారు. వియత్నాంలో అమెరికా సిపాయిలకు ఎవడి ఏడాది గడువు వాడిదే. గడువు తీరితే ఒంటరిగా విమానం ఎక్కడమే. నిన్న అడవిలో కాల్పులు, ఒకటి రెండు రోజుల్లో అమ్మ వంటింట్లో భోజనం.  1970లో న్యూయార్క్‌లో ఆ తిరిగొచ్చినవాళ్ళే కొందరు కూర్చొని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రాబర్ట్ లిఫ్టన్, ఖైమ్ షాటన్ అనే వైద్యులు వాళ్ళ పక్కన చేరారు. ఆ గదుల్లో మొదలైన పోరాటంతోనే 1980లో, ఘోరం చూసిన మనసుకు పట్టే పీటీఎస్‌డీ అన్న జబ్బు అమెరికా మానసిక వైద్యుల గ్రంథానికి ఎక్కింది. బోస్టన్‌లో మాజీ సైనికులకు వైద్యం చేసిన జొనథన్ షే మరొక అడుగు వేసి, వాళ్ళను కుంగదీసేది భయం ఒక్కటే కాదన్నాడు. చేయకూడనిది చేశామన్న బాధ, చేయించినవాళ్ళు మోసం చేశారన్న బాధ కూడా ఉంటాయన్నాడు. కురుక్షేత్రం గెలిచాక సింహాసనం వద్దన్న ధర్మరాజు మనకు ఉన్నాడు. కర్ణుడు అన్న అని తెలిశాక ఆ గెలుపు అతనికి గొంతు దిగలేదు. తిక్కనగారి శాంతిపర్వాన్ని రాజనీతి కోసం తప్ప చదవని మనం, మొదటి ఘట్టాలను ఈ చెవితో ఒకసారి వినాలి.

భార్యాపిల్లల సంగతి వైద్యుల లెక్కలోకి గట్టిగా వచ్చింది ఆ తర్వాతే. ఇజ్రాయెల్‌లో జహావా సాలమన్, 1973 యుద్ధంలో బందీలై వచ్చినవాళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలిస్తూ వాళ్ళ భార్యలనూ అడిగింది. యుద్ధానికి వెళ్ళని ఆడవాళ్ళలో యుద్ధానికి వెళ్ళినవాళ్ళ లక్షణాలు కనిపించాయి. నిద్ర ఒకరి నుంచి ఒకరికి మారుతుందని మన పాట ఏనాడో చెప్పింది.

మన దేశంలో చట్టం కొంత కదిలింది. మూర్ఛ వచ్చిందని సైన్యం ఇంటికి పంపేసిన ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి కేసులో 2013లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. చేరేనాడు వైద్య పరీక్షలో ఏ జబ్బూ రాసుకోలేదు కదా, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని నిరూపించే భారం సిపాయిది కాదు, సర్కారుది. వికలాంగ పెన్షన్ కోసం కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళకు ఇది పెద్ద ఊతం. అయితే ఈ వాదమంతా జబ్బు ఎక్కడ పుట్టిందన్న దాని మీదే. అది ఎక్కడ నివాసం ఉంటోందో, దానికి రోజూ అన్నం పెడుతున్నదెవరో అడిగే కాగితం ఏ ఆఫీసులోనూ నాకు కనబడలేదు.

అందుకే మాస్టారి పని ఆయనతో ఆగిపోకూడదంటున్నాను. ఆయన అత్తల పాటలు, అమ్మమ్మల పాటలు రాసుకున్నారు. ఇప్పుడు రాసుకోవలసింది సిపాయిల ఇల్లాళ్ళ మాటలు. శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా జవాన్ల ఇళ్ళున్నాయి. మాధవరం ఉంది. యుద్ధం గురించి అడగొద్దు, దాని గురించి ఇంటాయన్ని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. లీవు మీద వచ్చిన మొదటి వారం ఇంట్లో ఏం మారేది, పిల్లలు ఆయన దగ్గరికి పోవడానికి ఎన్నాళ్ళు పట్టేది, రాత్రి లేపాలంటే చేత్తో తట్టేవారా, దూరం నుంచి పిలిచేవారా, పెన్షన్ మీద వచ్చేశాక సంసారం ఎవరి చేతిలో ఉంది, ఇవి అడగాలి. ఆడపిల్లలు వెళ్ళి అడిగితేనే చెబుతారు, అదీ మగవాళ్ళు వీధిలోకి వెళ్ళిన వేళ చూసుకొని. పేర్లు అచ్చువేయకూడదు. రికార్డు చేసింది ఆమెకు ఒకసారి వినిపించి, వద్దన్నది తీసేయాలి. కాలేజీలో తెలుగు చదువుతున్న పిల్లలు ఈ సభలో చాలామందే కనిపిస్తున్నారు. ఈ వేసవికి సిద్ధపడేవాళ్ళు వెళ్ళేముందు కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వండి. బస్సు ఖర్చులు, రికార్డర్ల సంగతి సంఘం చూసుకుంటుందని ఆయన నాకు మాటిచ్చారు, మీ అందరి ముందూ చెబుతున్నాను కాబట్టి ఇక తప్పించుకోలేరు.